ముందు వరసలో నీలవేణి

ముప్ఫై ఒక్క సెకన్ల వీడియో అది. రత్నకుమారి దాన్ని మొదటిసారి చూసింది కెనడాలోని ఎడ్మంటన్‌లో, మిల్ వుడ్స్‌లోని ఇండియన్ గ్రోసరీలో, కూరగాయల అర ముందు నిలబడి, స్నేహితురాలు మీనాక్షి ఫోనులో.

"నువ్వు చూసే ఉంటావనుకున్నానే. చూడలేదా?" అంది మీనాక్షి. ఫోను ఇవ్వాలా వద్దా అన్నట్టు సగం చాచి పట్టుకుంది.

వీడియోలో నది ఒడ్డున పార్కు. ఆకులు పసుపు రంగుకు తిరిగిన చెట్లు. ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక మగమనిషి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. అతనికి ఎదురుగా, నరికిన చెట్టు మొద్దు మీద, రెండడుగుల బొమ్మ. నల్లటి పొడుగు జుట్టు, ఎర్ర కోటు. అతను వంగి బొమ్మ కాలి మేజోడు పైకి లాగాడు. గౌను అంచు సర్దాడు. కాస్త వెనక్కి జరిగి చూశాడు. మళ్లీ ముందుకు వంగి జుట్టు సవరించాడు. అంతే. కెమెరా అతని పక్కనే గడ్డిలో ఉండి ఉండాలి, వీడియోలో మాత్రం పడలేదు. పైన పెద్ద అక్షరాలతో "మా ఇంటి ఓనర్ అంకుల్ సీక్రెట్!" అని రాసి ఉంది. వెనక దయ్యాల సినిమా సంగీతం.

ఆ మనిషి ఆమె భర్త మధుసూదన్. ఆ ఎర్ర కోటు ఆమె కుట్టిందే. ఆరు గుండీలు, ఒక్కొక్కటీ కందిగింజంత. అవి కుట్టడానికి రెండు ఆదివారాలు పట్టింది.

"మూడు లక్షల మంది చూశారట" అంది మీనాక్షి మెల్లగా.

రత్నకుమారి వేలితో కిందికి జరిపి కామెంట్లు చదివింది. 'పాపం, పెళ్లాం ఎలా వేగుతుందో.' 'వయసొచ్చింది, సిగ్గు రాలేదు.' 'ఇదేం జబ్బు?' 'చిన్నపిల్లలున్నవాళ్లు ఇలాంటోళ్ల దగ్గర జాగ్రత్త.' ఈ ఆఖరిదాన్ని ఆమె రెండుసార్లు చదివింది. దాని కింద నాలుగు వందల మంది లైకులు కొట్టారు. ఫోను మీనాక్షి చేతిలో పెట్టి, బుట్టను అక్కడే నేల మీద వదిలేసి, కారు దగ్గరికి నడిచింది. తలుపు ధడాలున వేసుకుంది. ఏడుపు రాలేదు.

రత్నకుమారి ఊళ్లో పదిమందికీ తెలిసిన మనిషే. మాల్‌లో ఆల్టరేషన్స్ షాపులో ఎనిమిదేళ్లుగా కుడుతోంది. ప్యాంట్ల అంచులు మడుస్తుంది, జిప్పులు మారుస్తుంది, ఇక్కడి పెళ్లికూతుళ్ల గౌన్లు బిగిస్తుంది. తెనాలి పిల్ల. చెయ్యి వేగం, మాట తక్కువ. ఎవరేమన్నా నవ్వి ఊరుకునే రకమని పేరు. భర్త చమురు కంపెనీలో పైపుల డ్రాయింగులు వేస్తాడు. కూతురు అమృత పక్క రాష్ట్రంలో, రెజైనాలో చదువుతోంది. ఇంటి బేస్‌మెంట్‌లో ముగ్గురు స్టూడెంట్ ఆడపిల్లలు అద్దెకుంటున్నారు. ఆ ఏడాది ఎడ్మంటన్‌లో ఏ తెలుగువాళ్ల ఇంటి బేస్‌మెంట్ చూసినా అంతే. ప్రతి విమానంలోనూ పదిమంది దిగుతున్నారు. ఒక్కో గదిలో నలుగురు పడుకుంటున్నారు. కాఫీ షాపులో రెండు ఉద్యోగాలు ఖాళీ అంటే రెజ్యూమె కాగితాలు పట్టుకుని రెండు వందల మంది లైన్లో నిలబడుతున్నారు.

ఇక బొమ్మ సంగతి. దానికి పన్నెండేళ్లు వెనక్కి, జపాన్‌లోని యొకోహామా దాకా పోవాలి.

అప్పట్లో మధుసూదన్ అక్కడ ఒక ప్లాంట్ డిజైన్ ఆఫీసులో పనిచేసేవాడు. అతని పై అధికారి హిరానో గారు, యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఆఫీసులో నవ్వగా ఎవరూ చూడలేదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆయన వీళ్లిద్దరినీ ప్లమ్ పూల తోటకు తీసుకెళ్లాడు. పూలు చూశాక, భుజాన ఉన్న మెత్తటి సంచి జిప్పు తీసి, అందులోంచి ఒక బొమ్మను పసిపాపను ఎత్తినట్టు మెడ కింద చెయ్యి పెట్టి బయటికి తీశాడు. రాతి గట్టు మీద చేతిరుమాలు పరిచి కూర్చోబెట్టి గంటసేపు ఫొటోలు తీశాడు. దారిన పోయేవాళ్లు వస్తే పక్కకు జరిగి తల వంచేవాడు. వాళ్లూ తల వంచి వెళ్లిపోయేవాళ్లు. ఒక ముసలావిడ ఆగి, బాగుందని చెప్పి, అడిగి మరీ దగ్గరికొచ్చి చూసింది. తోటలో ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా బొమ్మలు తెచ్చుకున్నారు. ఒకతను సూట్‌లో ఉన్నాడు, ఒకావిడ నర్సు. ఎవరి దారికీ అడ్డం రాకూడదు, వేరేవాళ్ల మొహాలు ఫొటోలో పడకూడదు, కొట్టు బల్ల మీద పెట్టాలంటే కొట్టువాళ్లను అడగాలి, ఇంకొకరి బొమ్మను అడక్కుండా ముట్టుకోకూడదు. ఇవీ వాళ్ల పద్ధతులు. పెద్దపెద్దవాళ్లు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పట్టపగలు, పదిమందిలో.

రెండు నెలలు తిరక్కుండా మధుసూదన్ ఒక పెట్టె మోసుకుని ఇంటికొచ్చాడు.

ఆ రోజు రత్నకుమారి అన్న మాట "ఛీ". పెట్టెను గది లోపలికి రానివ్వలేదు. చెప్పుల బీరువా మీద మూడు రోజులు ఉంది. మూడు రోజులూ భర్తతో మాట్లాడలేదు. పెళ్లైన మగాడికి ఆడబొమ్మతో ఏం పని అని ఆమెకు అనిపించింది, అందరికీ అనిపించేదే. నాలుగో రోజు అతను ఆఫీసుకు పోయాక పెట్టె మూత తీసింది. ముందు ముఖం చూడలేదు, గౌను చూసింది. అంచు కుట్టు వంకర. చంక దగ్గర గుడ్డ ముడత పడింది. "ఇంత పెట్టి కొన్నదానికి ఇలాగా కుట్టేది?" అని కుట్టు విప్పేసింది. సాయంత్రం అతను వచ్చేసరికి బొమ్మ ఒంటిమీద ఆమె పాత కంచి పట్టు జాకెట్టు ముక్కతో కుట్టిన పావడా ఉంది.

"మీకు ఇందులో ఏం కనిపిస్తుందండీ?" అని ఆ రోజు అడిగింది.

"దీని మొహంలో నవ్వూ ఉండదు, ఏడుపూ ఉండదు రత్నా" అన్నాడతను. "వెలుగు ఎటు పడితే అటు మారుతుంది. పొద్దున ఒకలా ఉంటుంది, మబ్బు పడితే ఇంకోలా. అది పట్టుకోవాలని. మనిషిని పెడితే రెండు నిమిషాలకే విసుక్కుంటారు."

దానికి నీలవేణి అని పేరు పెట్టింది కూడా రత్నకుమారే. కెనడా వచ్చాక ఇంకో రెండు బొమ్మలు చేరాయి. ఆదివారం పొద్దున నది ఒడ్డున అతను ఫొటోలు తీసి, తన పేరు లేకుండా నీలవేణి పేరుతో ఇంటర్నెట్‌లో పెడతాడు, ఆమె ఫ్లాస్కులో టీ పట్టుకుని బెంచీ మీద కూర్చుంటుంది. వీడియో తీసిన రోజు ఆమెకు షాపులో పని పడి వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఆ ముప్ఫై ఒక్క సెకన్లలో తనూ ఉండేది.

ఇంటికొచ్చేసరికి మధుసూదన్ సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాడు.

"ఆ వీడియో చూశారా?"

అతను చేతులు తుడుచుకున్నాడు. "చూశాను. బుధవారం."

"బుధవారం! ఇవాళ ఆదివారం. నాలుగు రోజులు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పి ఏం చెయ్యను? రెండు రోజుల్లో అందరూ మర్చిపోతారు. ఇంకో వీడియో వస్తుంది."

"పిల్లలున్నవాళ్లు జాగ్రత్త అని రాశారండీ. మీ గురించి. అది మర్చిపోయేదా?"

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. యాభై రెండేళ్ల మనిషి, ఇంటి అల్మరాలోంచి బొమ్మల సంచి అప్పటికే కనబడకుండా చేసేశాడు. ఎక్కడ పెట్టారని అడిగితే గరాజులో, టైర్ల వెనక, అన్నాడు. ఆ మాట విన్నాక రత్నకుమారికి మొహం మీద కొట్టినట్టయింది. నీలవేణి ఉండాల్సింది టైర్ల వెనకా? ఆమె గరాజులోకి వెళ్లి సంచి తెచ్చి, నీలవేణిని బయటికి తీసి హాల్లో సోఫా మీద కూర్చోబెట్టింది. "ఇది ఇక్కడే ఉంటుంది. ఎవరొచ్చినా ఇక్కడే ఉంటుంది" అంది.

రెండు రోజులకే వచ్చారు. తెలుగు సంఘం అధ్యక్షుడు విశ్వేశ్వరరావు గారు, పళ్ల ప్యాకెట్ పట్టుకుని. ఎనిమిదేళ్లుగా సంఘం పండగలన్నిటికీ ఫొటోలు తీసేది మధుసూదనే. ఉగాదికి పంచాంగ శ్రవణం, దసరాకి పిల్లల డ్యాన్సులు, ఎవరింట్లో అన్నప్రాసన జరిగినా, అక్షరాభ్యాసం జరిగినా ఒక్క పిలుపు చాలు, కెమెరా భుజానేసుకుని వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత వారం రోజులు ఒక్కో ఫొటో బాగుచేసి లింకు పంపేవాడు.

విశ్వేశ్వరరావు గారు సోఫాలో కూర్చోబోయి, నీలవేణిని చూసి, కుర్చీకి మారారు.

"మధుసూదన్ గారూ, మీ గురించి నాకు తెలీదా? నా మటుకు నాకు ఏ అనుమానమూ లేదు. కానీ తల్లిదండ్రులు కొందరు ఫోన్లు చేస్తున్నారు. ఈసారి దసరాకి పిల్లల ఫొటోలు వేరే ఎవరైనా తీస్తే... మీకూ విశ్రాంతి."

"అలాగేనండి" అన్నాడు మధుసూదన్.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ రత్నకుమారి అడిగింది, "ఎవరు ఫోన్ చేశారండీ?"

"పేర్లు ఎందుకమ్మా ఇప్పుడు..."

"ఆ వీడియోలో ఆయన ఏం తప్పు చేశారో వాళ్లలో ఎవరైనా చెప్పారా?"

"తప్పని కాదమ్మా. చూడటానికి ఒకలా ఉంది కదా."

"చూడటానికి," అంది ఆమె. ఇంకేదో అనాలని నోరు తెరిచేలోపే మధుసూదన్ లేచి ఆయన్ని గుమ్మం దాకా సాగనంపాడు. మర్నాడు సంఘం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది. 'తల్లిదండ్రుల ఆందోళనను దృష్టిలో ఉంచుకుని ఈ ఏడాది పిల్లల కార్యక్రమాల ఫొటోగ్రఫీ బాధ్యతలు మార్చడమైనది.' పేరు రాయలేదు. రాయక్కర్లేకుండానే అందరికీ అర్థమయ్యేలా రాశారు. కింద నలభై మంది దణ్ణం గుర్తులు పెట్టారు.

ఆమె మెట్లు దిగి బేస్‌మెంట్‌కు వెళ్లింది అప్పుడే.

వీడియో తీసింది చరిత అని ఆమెకు మొదటి క్షణంలోనే తెలిసింది. మిగతా ఇద్దరికీ ఆదివారాలు గోడౌన్‌లో షిఫ్టు. చరితది సూర్యాపేట. వచ్చి ఏడాది. వచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకు వెళ్లి తెచ్చింది మధుసూదనే. ఆగస్టు నుంచి ఆ పిల్లకు పని లేదు. రోజూ రెండు బస్సులు మారి రెజ్యూమెలు ఇచ్చి వచ్చేది. మిగతా టైమంతా ఫోను పట్టుకుని రీల్స్ చేసేది. మెట్ల మీద కూర్చుని ఆమెతో కబుర్లు చెప్పేది. "ఆంటీ, ఈ బొమ్మ అంగీలన్నీ మీరే కుట్టిన్రా? మస్తున్నయ్" అని ఒకసారి నీలవేణి కోటు చేతిలోకి తీసుకుని చూసింది కూడా.

చరిత మంచం మీద కూర్చుని ఉంది. ఆమెను చూడగానే లేచి నిలబడింది.

"ఆంటీ, నేను చెడ్డగ ఏం రాయలే. సీక్రెట్ అన్న, అంతే. ఫన్నీగుంటదని పెట్టిన."

"ఆ సంగీతం పెట్టింది ఎవరు?"

చరిత చేతిలోని ఫోను బోర్లించింది.

"కెమెరా కనబడకుండా ఫోను అటు తిప్పింది ఎవరు? ఆయన మీకు ఫొటోలు తీసి పెట్టలేదా? నీ పుట్టినరోజుకి, అదే పార్కులో? ఆ రోజు నీ చున్నీ సర్దుకోమని నాతో చెప్పించాడు, తను దగ్గరికి రాలేదు. అలాంటి మనిషి గురించి నాలుగు వందల మంది ఏం అనుకుంటున్నారో చదివావా?"

"చదివిన ఆంటీ." మంచం అంచున కూర్చుండిపోయింది. "తీసేద్దామనే అనుకున్న. నా పేజీకి పదకొండు వేల మంది ఫాలోవర్స్ అయిన్రు. ఒక బిర్యానీ హోటల్ వాళ్లు ప్రమోషన్ చెయ్యమని మెసేజ్ పెట్టిన్రు. అదే నాకు ఆగస్టు సంది దొరికిన మొదటి పని. ఇయ్యాల తీసేస్త, రేపు తీసేస్త అనుకుంట..."

ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. రత్నకుమారి చూస్తూ నిలబడింది. ఇంకో రోజైతే దగ్గరికి తీసుకునేది. పని దొరక్క ఈ పిల్ల పడ్డ అవస్థ ఆమెకు తెలుసు, పస్తున్న రోజులూ తెలుసు, పైనుంచి పప్పు గిన్నె పంపింది తనే. అది తెలిసినందుకే ఇంకా మండింది. తిండిలేని పిల్ల, దొంగతనం చేసినా క్షమించేది. ఇది దొంగతనం కాదు. ఒక మనిషి మంచితనం చూసి, ఇతను ఏమీ అనడు అని తెలుసుకుని, అతన్ని ఎంచుకుని చేసిన పని.

"తీసెయ్. ఇప్పుడే, నా ముందు."

చరిత తీసేసింది. అప్పటికే దాన్ని వేరేవాళ్లు యాభై చోట్ల పెట్టుకున్నారు. ఒకడు మధుసూదన్ ముఖం పెద్దది చేసి చుట్టూ ఎర్ర గీత గీశాడు.

"నేను ఖాళీ చెయ్యాల్నా ఆంటీ?"

"చలికాలం వస్తోంది. ఈ ఊళ్లో ఇప్పుడు నీకు గది దొరకదు. ఉండు. కానీ నన్ను ఆంటీ అనకు" అని పైకి వచ్చేసింది.

ఆ వారం అమృత ఫోన్ చేసింది. ఎక్కడో స్నేహితురాలి ఫోనులో వీడియో చూసిందట. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే.

"మామ్, వాట్ డిడ్ డాడ్ సే టు దెమ్?"

"అలాగేనండి, అన్నారు."

"అండ్ యు?"

రత్నకుమారి ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"యు నెవర్ సే ఎనీథింగ్, మామ్. నైదర్ ఆఫ్ యు." ఆ పిల్ల గొంతులో ఏడుపు ఉంది. "పీపుల్ థింక్ మై డాడ్ ఈజ్ ఎ క్రీప్, అండ్ యు గైజ్ జస్ట్ సే ఓకే."

ఫోను పెట్టేశాక రత్నకుమారి చాలాసేపు కుట్టు మిషను ముందు కూర్చుంది, కుట్టకుండా. యొకోహామాలో చెప్పుల బీరువా మీద పెట్టె పెట్టించిన ఆ మూడు రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు తను అనుకున్నదే ఇప్పుడు వీళ్లంతా అంటున్నారు. కానీ తను నాలుగో రోజు పెట్టె తెరిచింది. అతన్ని అడిగింది. అడిగితే చెప్పాడు. ఈ ఊళ్లో రెండు వేల మంది తెలుగువాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "ఏంటండీ ఇది, ఎందుకు చేస్తారు?" అని అడిగిన పాపాన పోలేదు.

దసరా కార్యక్రమం కమ్యూనిటీ హాల్లో, శనివారం మధ్యాహ్నం. స్టేజి పక్కన తొమ్మిది మెట్ల మీద బొమ్మల కొలువు పెట్టారు. కొండపల్లి ఏనుగు అంబారీలు, పెళ్లి బాజాల వాళ్లు, పచారీ కొట్టు శెట్టి. ఆడవాళ్లందరూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. కొలువులోని సీతారాముల పట్టు బట్టలు రెండేళ్ల కిందట రత్నకుమారి కుట్టి ఇచ్చినవే.

ఆమె హాల్లోకి వచ్చింది ఒక్కతే. నేత చీర కట్టుకుంది. భుజాన మెత్తటి సంచి. నేరుగా ముందు వరసకు నడిచి, ఒక కుర్చీలో తను కూర్చుని, సంచి జిప్పు తీసి, పక్క కుర్చీ మీద తువ్వాలు పరిచి నీలవేణిని కూర్చోబెట్టింది. ఎర్ర కోటుతోనే.

చుట్టూ మాటలు ఆగిపోయాయి. వెనక వరసల్లో ఎవరో ఫోను ఎత్తారు. స్టేజి మీద చిన్నపిల్లలు కోలాటం కర్రలతో సిద్ధంగా ఉన్నారు, పాట మొదలవలేదు. విశ్వేశ్వరరావు గారు గబగబా వచ్చారు.

"రత్నకుమారి గారూ, ఇక్కడ ఇప్పుడు... పిల్లలున్నారు."

"పిల్లలు బొమ్మను చూస్తే ఏమవుతుందండీ?" అంది ఆమె. లేచి నిలబడింది. మైకు లేకపోయినా ఆ గొంతు వెనక గోడ దాకా వెళ్లింది. "శాంత గారూ, మీ బాబు అన్నప్రాసన ఫొటో మీ హాల్లో ఇంతది కట్టించి పెట్టారు. ఎవరు తీశారు?"

రెండో వరసలో శాంత తల దించుకుంది.

"సరోజ గారూ, మీ అత్తగారు పోయే ముందు ఆఖరి ఫొటో ఎవరు తీశారు? ఆసుపత్రికి వచ్చి, ఆవిడకి జుట్టు దువ్వాకే తీస్తానని కూర్చున్నదెవరు? ఈ హాల్లో ఎనిమిదేళ్ల ఫొటోలు ఎవరివండీ? మీ పిల్లలతో ఎన్నిసార్లు ఉన్నాడాయన! ఏదైనా చూశారా? చెయ్యి వెయ్యకూడని చోట వేశాడా? చూడకూడని చూపు చూశాడా? ఎవరైనా చూస్తే ఇప్పుడే చెప్పండి. నేనే పోలీసులకు ఫోన్ చేస్తాను. నేనే నా మొగుణ్ణి అప్పజెప్తాను. చెప్పండి!"

కోలాటం పిల్లల్లో ఒక పాప కర్ర జారవిడిచింది. అది స్టేజి మీద దొర్లిన చప్పుడు వినబడింది.

"చూడలేదు. చూడలేదు కదా! పిల్లల గురించి భయపడటం తప్పనను. నేనూ తల్లినే. భయపడితే అడగాలి. ఇంటికొచ్చి అడగాలి. ఆయన్ని పక్కన పెట్టి, పేరు రాయకుండా ఊరందరికీ తెలిసేలా గ్రూపులో పెట్టి, దాని కింద దణ్ణాలు పెట్టుకుంటారా? ఎవరికి పెట్టారు ఆ దణ్ణాలు?"

"అమ్మా, కూర్చోండి," విశ్వేశ్వరరావు గారి మొహం ఎర్రబడింది. "అపార్థాలు తొలగించుకుందాం. పోనీ, ఈ బొమ్మను కూడా మన కొలువులో పెడదాం. పై మెట్టు మీద. మన సంస్కృతిలోనూ బొమ్మలున్నాయని అందరికీ తెలుస్తుంది."

కొందరు ఆడవాళ్లు అవునవునన్నారు. ఒకావిడ బొట్టు పెట్టడానికి కుంకుమ భరిణె కూడా తీసింది.

"వద్దు" అంది రత్నకుమారి. "ఇది కొలువు బొమ్మ కాదు. బొట్టు పెట్టి మెట్టెక్కిస్తే మీకు ముద్దు, ఆయన పార్కులో కూర్చోబెడితే జబ్బా? ఇది ఆయన బొమ్మ. ఆయనకిష్టం. నాకిష్టం. అంతకుమించి దీనికి అర్థం లేదు, అక్కర్లేదు. ఏ గ్రూపులో ఆ మాట రాశారో అదే గ్రూపులో ఆయన పేరు రాసి, పొరపాటు చేశామని రాయండి."

"కమిటీలో చర్చించాలమ్మా."

"చర్చించండి."

ఆమె కూర్చుంది. వెళ్లిపోతుందని అందరూ అనుకున్నారు. వెళ్లలేదు. కార్యక్రమం అంతా, కోలాటం నుంచి వందన సమర్పణ దాకా, ముందు వరసలో నీలవేణి పక్కన నిటారుగా కూర్చుంది. ఆ రోజు పిల్లల ఫొటోలు తీసిన కొత్త కుర్రాడు ఫ్లాష్ కొడుతున్నప్పుడల్లా ఆమెకు కంట్లో గుచ్చుకున్నట్టుండేది. లేచినప్పుడు కాళ్లు తిమ్మిరెక్కాయి.

జరిగిందంతా విని మధుసూదన్ కలిపిన అన్నం ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"నన్ను అడక్కుండా ఎందుకు తీసుకెళ్లావు?" అన్నాడు.

"అడిగితే వద్దంటారు."

"అంటాను. నీకేం చెప్పాలి రత్నా, నాకు అందరి ముందూ నిలబడటం చేతకాదు. నువ్వు నిలబడినా నాకు నేను నిలబడ్డట్టే ఉంటుంది, సిగ్గుగా."

"సిగ్గెందుకండీ?" ఆమె కంచం పక్కకు నెట్టింది. "మీరేం చేశారని సిగ్గు? మీరు సిగ్గుపడి టైర్ల వెనక దాచారు చూడండి, అప్పుడు నాకు వాళ్లందరి మీదకన్నా మీ మీదే ఎక్కువ కోపమొచ్చింది. ఇప్పటికీ ఉంది."

అతను తల ఊపాడు. ఆమె చెప్పింది నిజమని అతనికి తెలుసు. ఆ రాత్రి నీలవేణి సంచిని అతనే ఎత్తి అల్మరాలో పాత చోట పెట్టాడు.

సంఘం మెసేజ్ పన్నెండు రోజులకు వచ్చింది. 'కొన్ని అపార్థాల వల్ల శ్రీ మధుసూదన్ గారికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.' రత్నకుమారి దాని కింద రాసింది. 'అపార్థం కాదు, అపవాదు. అసౌకర్యం కాదు, అవమానం.' రాసి, గ్రూపులోంచి బయటికి వచ్చేసింది. ఎక్కాలు అప్పజెప్పినట్టు ఆ రెండు వాక్యాలూ ఊరంతా చెప్పుకున్నారని మీనాక్షి తర్వాత చెప్పింది.

చరితకు రెజైనాలో ఒక రెస్టారెంట్ కిచెన్‌లో పని దొరికింది. కాలేజీ క్లాసులు ఎలాగూ ఆన్‌లైన్లోనే. వెళ్లే ముందు పైకి వచ్చి, మధుసూదన్ కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. అతను వెనక్కి జరిగి, "జాగ్రత్తమ్మా, అక్కడ చలి ఇంకా ఎక్కువ" అన్నాడు. రత్నకుమారి గదిలోంచి బయటికి రాలేదు.

నవంబరు మొదటి వారంలో మధుసూదన్‌కు ఒక ఫోన్ వచ్చింది. విశ్వనాథం గారి నుంచి. యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, అరవై ఆరేళ్లు, వరంగల్ వైపు, భార్య పోయింది, కొడుకు కోడలి దగ్గర ఉంటున్నాడు. సంఘంలో అందరికీ పెద్దదిక్కు. ఒకసారి ఇంటికి రావచ్చా అన్నాడు. వచ్చి, కోటు కూడా విప్పకుండా సోఫా అంచున కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"మధుసూదన్ గారూ, నా దగ్గర కూడా ఉన్నయ్."

"ఏవండీ?"

"బొమ్మలు. జపాన్‌వే. పదకొండు." ఆయన చేతులు ఒకదాన్నొకటి నలుపుకున్నాయి. "మా ఆమె చనిపోయిన సంవత్సరం మొదలైంది. ఒక సూట్‌కేసుల, మంచం కింద. ఇంట్ల ఎవరికీ తెల్వదు. మీ నీలవేణి ఫొటోలు ఆరేండ్ల సంది ఇంటర్నెట్ల చూస్తున్న. అది మీరే అని వీడియో వచ్చినంకనే తెలిసింది."

మధుసూదన్ మొహం ఎన్నడూ లేనంతగా వెలిగింది. నీలవేణిని తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఇద్దరూ కళ్ల గురించి, కీళ్ల లోపలి సాగే తాడు ఎన్నేళ్లకు మార్చాలనే దాని గురించి చిన్నపిల్లల్లా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

రత్నకుమారి టీ కప్పులు బల్ల మీద పెట్టింది. చప్పుడయ్యేలా.

"విశ్వనాథం గారూ, దసరా రోజు మీరు మూడో వరసలో కూర్చున్నారు."

ఆయన నీలవేణి మీంచి చూపు తిప్పుకున్నాడు. "కూర్చున్న."

"ఎవరైనా చెప్పండి అని నేను అరిచినప్పుడు మీరు అక్కడే ఉన్నారు. ఆ హాల్లో మీ ఒక్కరికే తెలుసు ఇది ఏంటో. మీరు లేచి ఒక్క మాట అని ఉంటే... అధ్యక్షుడి మాట ఎవరూ వినరు, మీ మాట వింటారు."

"భయమైందమ్మా. కోడలు పక్కనే ఉండె. మనవరాలు ఉన్నది ఇంట్ల. నన్ను గట్ల చూస్తే నేను ఎక్కడికి పోత?"

"ఆయన ఎక్కడికి పోవాలండీ మరి?"

"రత్నా" అన్నాడు మధుసూదన్.

"మీరు ఊరుకోండి. ఈయన మీ ఫొటోలు ఆరేళ్లుగా చూసి సంతోషపడ్డారు. మిమ్మల్ని రాళ్లతో కొడుతుంటే మూడో వరసలో కూర్చుని చూశారు. ఆ చరితకు బుద్ధి లేదు, చిన్నది. ఈయనకు తెలుసు."

విశ్వనాథం గారు కప్పు ముట్టుకోలేదు. కళ్లనిండా నీళ్లు. "నువ్వన్నది నిజమే తల్లీ" అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

మధుసూదన్ ఆ పూట ఆమెతో మాట్లాడలేదు. కెనడా వచ్చాక అతనికి దొరికిన ఒకే ఒక్క తోటివాడు. ఆమెకు అది తెలుసు. అయినా తను అన్నదాంట్లో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

తర్వాతి ఆదివారం మంచు పడి ఆగింది. పొద్దున తొమ్మిదింటికి ఇద్దరూ నీలవేణిని తీసుకుని నది ఒడ్డుకు వెళ్లారు. వీడియో తర్వాత అతను బొమ్మతో బయటికి రావడం అదే మొదలు. చెట్టు మొద్దు మీద మంచు తుడిచి బొమ్మను కూర్చోబెట్టాడు. మొదటి పావుగంట ప్రతి అడుగు చప్పుడుకూ తల తిప్పి చూశాడు. రత్నకుమారి బెంచీ మీద కూర్చోలేదు. అతని వెనకే నిలబడింది, ఎవరు ఫోను ఎత్తుతారో చూద్దామన్నట్టు. ఎవరూ ఎత్తలేదు. కుక్కను నడిపిస్తున్న ఒక ముసలాయన "బ్యూటిఫుల్ కోట్" అని వెళ్లిపోయాడు.

అప్పుడు వచ్చాడు విశ్వనాథం గారు. బస్సు దిగి, మంచులో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ, గ్రోసరీ సంచి ఒకటి గుండెలకు అదుముకుని. దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. సంచి తెరవలేదు. గంటసేపు నిలబడి, మధుసూదన్ ఫొటోలు తీయడం చూసి, అలాగే సంచితో వెళ్లిపోయాడు.

ఆ పై ఆదివారం మళ్లీ వచ్చాడు. ఈసారి దారిలో జనం లేని క్షణం చూసి సంచిలోంచి బొమ్మను తీశాడు. గోధుమరంగు జుట్టు, ఆకుపచ్చ గౌను, చేతులు లేని గౌను, ఆ చలిలో. నీలవేణి పక్కన కూర్చోబెట్టాడు. అయిదు నిమిషాలు ఉంచాడు. ఇద్దరు అమ్మాయిలు పరుగు తీస్తూ వచ్చారు. ఆయన బిగుసుకుపోయి నిలబడ్డాడు గానీ బొమ్మను లోపల పెట్టలేదు. వాళ్లు చూసి, నవ్వి, పరిగెత్తుకుంటూ పోయారు.

రత్నకుమారి ఆ గౌను కుట్టు చూసింది. చంక దగ్గర ఊడిపోతోంది. చూసి, మొహం నది వైపు తిప్పుకుంది. ఆ మనిషితో మాట్లాడటానికి ఆమెకు ఇంకా మనసొప్పలేదు. విశ్వనాథం గారికి ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది మధుసూదనే.